నోటి మంట అంతా కారం వల్లనేనా?

మిరప పండే సీమలో నోరు మండుతోందంటే ఎవరికీ వింతగా తోచదు. వేడి చేసిందని పెద్దవాళ్లు మజ్జిగ తాగమంటారు. మందుల షాపులో బి కాంప్లెక్స్ బిళ్లలు ఇస్తారు. మామూలు నోటిపూత అయితే వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గని మంట సంగతి వేరు. నల్లపాడు పరిసర గ్రామాల ప్రజలు ఈ తేడా తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

బుగ్గల లోపల తెల్లని గీతలు వలలా అల్లుకొని, కారం తగిలితే భగ్గుమంటే అది లైకెన్ ప్లానస్ కావచ్చు. ఇది అంటువ్యాధి కాదు. పైపూత మందుతో మంట అదుపులో ఉంటుంది. అయితే కొద్దిమందికి ఏళ్లు గడిచాక క్యాన్సరుగా మారవచ్చు గనుక డాక్టరుకు అప్పుడప్పుడు చూపించుకోవాలి.

పెంఫిగస్ అరుదైనది, మరింత ప్రమాదకరమైనది. ఒంటిమీద పొక్కులు లేవడానికి నెలల ముందే చాలామందికి నోట్లో పుండ్లు మొదలవుతాయి. స్టెరాయిడ్ మందులు రాక ముందు ఇది చాలావరకు ప్రాణాలు తీసేది. నేడు చికిత్స ఉంది. కాని కాస్త నెమ్మదించగానే సొంతంగా మందు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

వక్క, గుట్కా నమిలేవారి జబ్బు మాత్రం అరుదు కాదు. ముందు కారం సహించదు, తర్వాత బుగ్గలు గట్టిపడి నోరు తెరుచుకోదు. వక్క క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. గట్టిపడిన బుగ్గ మళ్లీ మునుపటిలా కావడం కష్టం. గుట్కా మానడమే మొదటి మందు.

పైకి చూసి వీటిని తేల్చడం అన్నిసార్లూ సాధ్యం కాదు. చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి. ముక్క తీస్తే పుండు ముదురుతుందన్న భయానికి ఆధారం లేదు. రెండు వారాలు దాటినా మానని పుండును గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలోనో, తక్కెళ్లపాడు దంత కళాశాలలోనో తప్పక చూపించుకోవాలి.

అయితే ఒక పూట ఆస్పత్రికి వెళితే కూలీకి ఆ రోజు కూలి పోతుంది. అందుచేత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే నోరు తెరిపించి చూసే ఏర్పాటు ఉండాలి. మిరప కోతల కాలంలో పల్లెల్లో పంటి డాక్టర్ల శిబిరాలు పెట్టాలి. జిల్లా వైద్యాధికారులు ఈ విషయమై తక్షణం దృష్టి సారించాలి.