‘చూద్దాంలే’ అంటే ఎప్పుడు?

పని అడిగినవాడితో పెద్దమనిషి ‘చూద్దాంలే’ అన్నాడంటే ఆ పని జరగదని తెలుగునాట చిన్నపిల్లలకూ తెలుసు. ఆస్పర్జర్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు మాత్రం అది మాట ఇచ్చినట్టే. మర్నాడు పొద్దున్నే వెళ్లి ‘చూశారా?’ అని అడుగుతారు.

తెలివి తక్కువై కాదు. మాటలు వయసుకు తగ్గట్టే వస్తాయి, చదువూ అబ్బుతుంది. అందనిదల్లా మాట వెనక మాట, కనుసైగ, వెటకారం. ‘పాఠం నచ్చకపోతే బయటికి పో’ అని మాస్టారు కసిరితే పిల్లాడు నిజంగానే సంచీ సర్దుకుని లేస్తాడు. క్లాసంతా గొల్లుమంటుంది. మాస్టారు ‘పొగరు’ అంటారు. ఇక ఆ ముద్ర పదో తరగతి దాకా పోదు.

అదే పిల్లాడిని గోదావరి ఎక్స్‌ప్రెస్ గురించి అడగండి. విశాఖ, దువ్వాడ, అనకాపల్లి, తుని, సామర్లకోట అంటూ హైదరాబాద్ దాకా చెప్పుకుపోతాడు. ఎదుటివాళ్లు ఆవులిస్తున్నా ఆపడు. పెళ్లిలో డీజే మోగితే చెవులు మూసుకుని మండపం వెనక్కి పారిపోతాడు. చొక్కా కాలరు లోపలి లేబుల్ గుచ్చుకుంటుంటే రోజంతా ఇంకేదీ బుర్రకెక్కదు. ఆడపిల్లలైతే తోటివాళ్లు ఎప్పుడు నవ్వుతారో, ఎలా పలకరిస్తారో చూసి అలాగే చేస్తూ నెట్టుకొస్తారు. అందుకే వాళ్లలో చాలామందిని ఆలస్యంగా గుర్తిస్తారు.

వియన్నా వైద్యుడు హాన్స్ ఆస్పర్జర్ ఇలాంటి పిల్లల గురించి 1944లో రాశారు. 1981లో బ్రిటన్ సైకియాట్రిస్టు లోర్నా వింగ్ ఆయన పేరును ప్రచారంలోకి తెచ్చారు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేసింది. పిల్లలను చంపిన నాజీ వ్యవస్థకు ఆస్పర్జర్ సహకరించినట్టు 2018లో పత్రాలతో సహా బయటపడింది. ఆ పేరు పోయిందని ఎవరూ బాధపడనక్కర్లేదు.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో చేర్చింది. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో దీనికీ వాటా ఉంది. ప్రైవేటు కొలువు సంగతే కష్టం. ‘మీ గురించి చెప్పండి’ అనగానే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అభ్యర్థి తడబడతాడు. కళ్లలోకి చూడలేదని, ఆత్మవిశ్వాసం లేదని మార్కులు కోస్తారు. కోడ్ రాసే ఉద్యోగానికి కళ్లలోకి చూడటం దేనికో!

హెచ్‌ఆర్ విభాగాల వారికి ఒక్క మనవి: ప్రశ్నలు ముందురోజే కాగితం మీద ఇవ్వండి, మాట్లాడించే బదులు ఓ గంట పని చేయించి చూడండి.