లయకు గీత గీస్తే అపచారమా?

లయను బొమ్మ గీసి నేర్పవచ్చునా? ఈ ప్రశ్న సంగీత కళాశాలల్లో తేలవలసినదనీ, సాహిత్య విమర్శ పత్రికలో దీనికి చోటెందుకనీ కొందరు పాఠకులు అడగవచ్చు. ఈమధ్య ఒక గోష్ఠిలో ఈ విషయం మీద జరిగిన వాదన విన్న తర్వాత, ఇది బొమ్మల గొడవ కాదని నాకు స్పష్టమైంది. లయ ఎవరి సొత్తు? దాన్ని ఎవరు ఎవరికి నేర్పాలి? నేర్పేవాణ్ణి ప్రశ్నించే హక్కు నేర్చుకునేవాడికి ఉందా, లేదా? అసలు గొడవ ఇదీ. అందుకే దీన్ని మిత్రుల ముందు చర్చకు పెడుతున్నాను.

ముందు పద్ధతి ఏమిటో చెప్పాలి. అందులో రహస్యమేమీ లేదు. నల్లబల్ల మీద ఒక వృత్తం గీయండి. తాళంలో ఎన్ని మాత్రలుంటే అన్ని చుక్కలు దాని చుట్టూ సమాన దూరాల్లో పెట్టండి. దెబ్బ పడే చుక్కల్ని గీతలతో కలపండి. వచ్చే ఆకారమే ఆ లయకు బొమ్మ. మిశ్రచాపు తీసుకుందాం. 7 మాత్రలు, 3+2+2గా దెబ్బలు. 7 చుక్కల వృత్తం మీద ఇది ఒక పొడుగు భుజం, రెండు పొట్టి భుజాలు ఉన్న త్రిభుజమవుతుంది. బల్గేరియా పల్లెల్లో రుచెనిత్స అనే నాట్యం ఉంది. దాని నడక 2+2+3. అదీ గీసి చూడండి. అదే త్రిభుజం, కాస్త తిరిగి కూర్చుంది! మొదలుపెట్టే చోటు మారింది, ఆకారం మారలేదు. చెవితో వింటే ఈ రెంటికీ చుట్టరికం తోచకపోవచ్చు. కంటితో చూస్తే పదేళ్ళ పిల్లవాడు కూడా పట్టుకుంటాడు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, సంగీత విద్వాంసుణ్ణి కాను. నాకు ఈ బొమ్మ అవసరం ఛందస్సు దగ్గర వచ్చింది. గురజాడ 1910లో ప్రచురించిన ముత్యాల సరాల నడక మిశ్రగతి: 3+4, మళ్ళీ 3+4. ఈ సంగతి పరీక్షలో రాయని విద్యార్థి ఉండడు. చదివి వినిపించమంటే మాత్రం ఆ నడక నోట పలికే విద్యార్థి అరుదు. ఒక రోజు విసుగెత్తి, బల్ల మీద 7 చుక్కల వృత్తం గీసి, సుద్దముక్కతో ఒక్కొక్క చుక్కనే తట్టుతూ పాదం చదివించాను. ఏళ్ళ తరబడి నేను చేసిన ఉపన్యాసాలు చేయలేని పని ఆ వృత్తం ఒక గంటలో చేసింది. గోష్ఠిలో నేను చెప్పింది ఇంతే.

దాని మీద ఇద్దరు లేచారు. ఒకరు సంప్రదాయ సంగీతంలో పేరున్న విద్వాంసులు. మరొకరు మన శిబిరానికి చెందిన మిత్రులే. ఎన్నడూ ఒక మాట మీద నిలవని వీరిద్దరూ ఆ రోజు ఒక పక్షమయ్యారు.

విద్వాంసుల వాదం ఇది: లయ పూర్వజన్మ సంస్కారం. ఉన్నవాడికి ఉంటుంది, లేనివాడికి ఉండదు. గురువు పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి సాధన చేస్తే పట్టుబడవలసినదాన్ని పరదేశపు క్షేత్రగణితంలో బిగించడం అపచారం.

ఇందులో పస ఎంత? 'ఆవర్తం' అనే మాట ఎవరిది? తాళం ఒక చుట్టు తిరిగి మొదటికి రావడాన్ని ఆవర్తమన్నది మన సంగీత శాస్త్రమే. వృత్తం ఆ మాటలోనే ఉంది. ఇక ఛందస్సు సంగతి. యమాతారాజభానసలగం అని మనమంతా చిన్నప్పుడు వల్లించినవాళ్ళమే. ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకుంటే ఆ అక్షరం పేరు గల గణం వస్తుంది. 'యమాతా' అంటే లఘువు, గురువు, గురువు. అది య గణం. బాగానే ఉంది. అయితే పది అక్షరాల ఈ సూత్రంలో చివరి రెండూ, 'లగం', లఘువు, గురువు. మొదటి రెండూ, 'యమా', అవీ లఘువు, గురువే. చివరివి రెండూ మొదటివాటి పునరుక్తి అన్నమాట. ఆ రెంటినీ తీసేసి మిగిలిన ఎనిమిదింటినీ వృత్తం చుట్టూ పేర్చండి. ఎక్కడ మొదలుపెట్టి మూడేసి తీసుకున్నా ఎనిమిది గణాలూ వరసగా వస్తాయి. ఏ గణమూ రెండోసారి రాదు. ఎనిమిది చుక్కల్లో గణాల పట్టిక మొత్తం ఇమిడింది! తెలుగులో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నాక కూడా చాలాకాలం ఈ సంగతి నాకు తెలియదు. సూత్రాన్ని వల్లించమన్నారే గాని చుట్టూ పేర్చి చూడమని నాకెవరూ చెప్పలేదు.

సంప్రదాయమంటే యూరపుకు ఎదురుగా మనమొక్కరమే అనుకోనక్కరలేదు కూడా. 13వ శతాబ్దపు బాగ్దాదులో సఫీ అల్ దీన్ అల్ ఉర్మవీ అనే సంగీత శాస్త్రజ్ఞుడు అరబ్బీలో రాసిన గ్రంథంలో లయలను వృత్తాలుగా గీసి చూపాడు. ఆ గ్రంథం పేరు 'కితాబ్ అల్ అద్వార్', అంటే చుట్ల పుస్తకం. మన ఆవర్తానికీ ఆయన చుట్టుకూ అర్థం ఒక్కటే. కనుక పరదేశపు దిగుమతి అన్న మాట నిలవదు. నిలిచేది ఇంకొకటి. లయ పుట్టుకతోనే రావాలన్నప్పుడు, ఎవరి పుట్టుకతో అని అడగాలి. మృదంగానికి ఆవు, మేక, గేదె తోళ్ళు కావాలి. ఆ తోళ్ళను ఎంచి, బిగించి, శ్రుతికి తెచ్చే పనివారిలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. వారి జీవితాలను, వారి పేర్లను, గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకంలో రాశాడు. తోలు పలికే ప్రతి నాదాన్నీ ఎరిగిన ఆ చెవులకు పూర్వజన్మ సంస్కారం ఉన్నట్టు ఏ విద్వత్సభా ప్రకటించలేదు! పుట్టుక అన్న మాట వెనక ఉన్నది లయజ్ఞానం కాదు, కులం.

ఇక మన మిత్రుల వాదం. దీన్ని ఇంత తేలిగ్గా తోసెయ్యలేం. ఆయన అన్నది ఇది: లయ శ్రమనుంచి పుట్టింది. దాన్ని శ్రమనుంచి ఊడదీసి చుక్కలుగా, గీతలుగా మార్చడం రూపవాదం. వృత్తం మీద చెమట వాసన ఉండదు.

మొదటి వాక్యం నిజం. 1896లో కార్ల్ బ్యూషర్ 'శ్రమ, లయ' అన్న గ్రంథంలో పనిపాటల్లోని కదలికలకూ లయకూ ఉన్న సంబంధాన్ని వివరించాడు. 1945లో జార్జ్ థామ్సన్ 'మార్క్సిజం, కవిత్వం'లో ఆ వాదాన్ని కవిత్వం దాకా తెచ్చాడు. రూపవాదపు ప్రమాదం కూడా నిజమే. కెనడాలో పనిచేసిన కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు గాడ్‌ఫ్రీడ్ టూసాంట్ 2005లో ఒక చక్కని సంగతి చూపాడు. రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం కనుక్కోవడానికి యూక్లిడ్ చెప్పిన పద్ధతినే దెబ్బలు పంచడానికి వాడితే, లోకంలోని ఎన్నో జానపద లయలు వస్తాయి. 8 మాత్రల్లో 3 దెబ్బలు వీలైనంత సమానంగా పంచితే 3+3+2. అది క్యూబాలో వినిపించే లయ. 7లో 3 పంచితే ఇందాకటి త్రిభుజం. వీటికి యూక్లిడ్ లయలని పేరు పడింది. టూసాంట్‌ను నేను తప్పు పట్టను. 2013లో వెలువడ్డ తన గ్రంథంలో ఆయన ఆఫ్రికా, క్యూబా లయలకే పెద్దపీట వేశాడు. కాని పేరు పేరే. బానిసలు సముద్రం దాటించి మోసుకొచ్చిన లయలకు, వాటిని ఎన్నడూ వినని గ్రీకు పండితుడి పేరు! మూలధనం శ్రమకు తన ముద్ర వేసుకోవడం మనకు కొత్త కాదు. ఇక్కడ జ్ఞానం కూడా ఆ పనే చేసింది.

క్యూబా సంగీతానికి వెన్నెముక అయిన క్లావె లయనే చూడండి. 16 మాత్రల్లో 5 దెబ్బలు: 3+3+4+2+4. వృత్తం మీద ఇది పంచభుజి. రెండో దెబ్బ చుక్క నుంచి కేంద్రం మీదుగా గీత గీసి మడిస్తే, రెండు సగాలూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఏ దెబ్బకూ సరిగ్గా ఎదుటి చుక్క మీద మరో దెబ్బ లేదు. బొమ్మ లేకుండా ఈ రెండు సంగతులూ చూడడం కష్టం. కాని ఆ లయను మోగించే రెండు కొయ్యముక్కలు ఎక్కడివి? హవానా రేవులో ఓడలు కట్టే చోట వాడిన కొయ్య మేకులే వాటికి మూలమని క్యూబా పండితుడు ఫెర్నాండో ఓర్తిస్ వాదించాడు. పంచభుజి ఈ మాట చెప్పదు. ఉత్తర అమెరికాలో దక్షిణ కరొలైనా బానిసలు 1739లో డప్పులు మోగిస్తూ తిరగబడితే, మరుసటి ఏడు పాలకులు చట్టం చేసి బానిసలకు డప్పులే నిషేధించారు. లయ వట్టి గణితమే అయితే దానికి భయపడి చట్టం చేసేవాళ్ళెవరు? ఈ సంగతీ ఏ వృత్తమూ చెప్పదు.

మిత్రుల అభ్యంతరానికి ఇంత బలం ఉందని ఒప్పుకుంటాను. అయినా వారి తీర్మానం తప్పు. వృత్తం చెప్పనిదాన్ని మనం చెప్పాలి. చెప్పలేకపోతే ఆ తప్పు మనది గాని వృత్తానిది కాదు. లయ చరిత్ర తెలియాలంటే లయ గణితాన్ని చెరిపెయ్యాలనడం, గింజ చరిత్ర తెలియాలంటే తూకపు రాళ్ళు పారెయ్యాలన్నట్టుంటుంది. తూకపు రాళ్ళు లేని చోట మోసపోయేది కూలివాడే.

ఈ మాట నాకు పుస్తకాలు నేర్పలేదు. ముత్యాల సరాల పాఠం జరిగిన మర్నాడు, వెనక బల్ల మీద కూర్చునే కుర్రవాడొకడు తన తండ్రి డప్పు మీద వాయించే దెబ్బను బల్ల మీద కొట్టి వినిపించాడు. ఉత్సాహం కొద్దీ దాన్ని కూడా వృత్తం మీదికి ఎక్కించాను. అతను కాసేపు చూసి లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, మీరు తప్పు గీశారు. ఆ మూడో దెబ్బ మా నాన్న కొడితే చుక్క మీద పడదు, కొంచెం ముందే పడుతుంది. పైగా ఏది చిర్ర దెబ్బో, ఏది చిటికెన పుల్ల దెబ్బో మీరు రాయనే లేదు."

కుడిచేతి లావు కర్ర చిర్ర. ఎడమచేతి సన్నపు కర్ర చిటికెన పుల్ల. రెంటి మోత ఒకటి కాదు. నా వృత్తంలో రెండూ ఒకే చుక్క! సుద్దముక్క అతని చేతికిచ్చాను. చిర్ర దెబ్బకు పెద్ద చుక్క, పుల్ల దెబ్బకు చిన్న చుక్క పెట్టాడు. మూడో దెబ్బను చుక్కకు కాస్త ఇవతల గుర్తించాడు. తరగతి అంతా ఆ బొమ్మను చూసి బల్లల మీద కొట్టింది. తప్పినవాళ్ళను అతనే సరిదిద్దాడు. అప్పటిదాకా ఆ తరగతిలో అతని నోట నేను విన్నది 'హాజరు' అన్న ఒక్క మాట.

నా వాదమంతా ఇక్కడ ఉంది. గీసిన లయను తప్పు పట్టవచ్చు. గురువు చేతిలో దాగిన లయను తప్పు పట్టలేం, నమ్మడం ఒక్కటే మార్గం. 'సంస్కారం' అన్న మాటను ఎవరు సవరించగలరు? నల్లబల్ల మీది చుక్కను వెనక బల్ల కుర్రవాడు సవరించాడు. వృత్తం గొప్పది అందులో సత్యమంతా ఉన్నందువల్ల కాదు; అందులో ఎంత లేదో అందరి కళ్ళకూ కనిపిస్తుంది గనుక. డప్పు కొట్టే చేతికి తెలిసినదాన్ని నా ఎం.ఏ. పట్టాకు నేర్పగల స్థలం అది. చెమట వాసన లేదన్న మన మిత్రులకు నా జవాబు కూడా ఇదే. ఆ వాసన తెలిసినవాడి చేతికి సుద్దముక్క ఇవ్వండి.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నేను చెప్పేది ఇది. ఛందస్సు పాఠంలో వృత్తం గీయండి. మిశ్రగతి పక్కన మిశ్రచాపును, దాని పక్కన బల్గేరియా నాట్యాన్ని, డప్పు దెబ్బను పెట్టండి. ఏ లయ ఏ పనిలో, ఏ చేతుల్లో బతికిందో తెలిసినంత మేరకు బొమ్మ పక్కనే రాయండి. విద్యార్థి లేచి తప్పు గీశారంటే సంతోషించండి. అపచారమని అరిచే విద్వాంసులకు భయపడనక్కరలేదు. రూపవాదమని ముద్ర వేసే మన మిత్రులను మాత్రం ఒక్కసారి తరగతికి పిలిచి, వెనక బల్ల మీద కూర్చోబెట్టండి.