ముత్యాల దుకాణానికి గంట, మక్బరాకి పావుగంట

డిసెంబర్ దగ్గరపడేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. విజయవాడ నుంచి, కర్నూలు నుంచి, పిల్లల్ని తీసుకుని సెలవులకి దిగే డల్లాస్ దోస్తుల నుంచి. "హైదరాబాద్ చూపించే టూర్లలో ఏది మంచిది సాబ్?" అంటారు. నేను నోరు తెరిచేలోపే రెండో సవాల్ వచ్చేస్తుంది: "ఎన్ని పాయింట్లు కవర్ చేస్తారు?"

ఈ పాయింట్ అనే మాట మీదే నా జగడం. నాలుగు వందల ఏళ్ళ ఇమారత్ పాయింట్ ఎట్లా అవుతుంది? గోల్కొండ సుల్తాన్లకి, ఆసఫ్‌జాహీలకి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి, ఇప్పుడు తెలంగాణకి పాయెతఖ్త్, అంటే రాజధాని, అయిన షహర్ ఇది. దీన్ని తొమ్మిది పాయింట్లుగా కోసి, బిర్యానీ ప్లేటు మీద ఉల్లిపాయ ముక్కల్లా చల్లి ఇస్తున్నారు. తీసుకునేవాళ్ళు కూడా ముక్కలే లెక్కపెట్టుకుంటున్నారు.

పోయిన చలికాలం కడప నుంచి మా ఫూపీ కూతురు పిల్లలతో వచ్చింది. ఆన్‌లైన్‌లో తను ముందే బుక్ చేసుకున్న ప్రైవేటు బస్సులో నేనూ ఎక్కాను. ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగిందో నోట్‌బుక్‌లో రాసుకున్నా, వృత్తి తెచ్చిపెట్టిన ఆదత్. చార్మినార్ దగ్గర ఇరవై నిమిషాలు. పైకెక్కే క్యూలో నిలబడినవాళ్ళు క్యూ చూసి దిగారు, అంతే. మక్కా మసీదు గేటు బయటి నుంచే. కుతుబ్‌షాహీ మక్బరాలకి పావుగంట. గోల్కొండలో ఫతే దర్వాజా కింద అందరితో చప్పట్లు కొట్టించి, "పైకెక్కడం మీ ఇష్టం, నలభై నిమిషాల్లో బస్సు కదులుతుంది" అన్నారు. చప్పుడు పైన బాలాహిసార్‌లో వినపడుతుందట. పైన ఎవరుంటే కదా వినడానికి! ముత్యాల దుకాణంలో మాత్రం పూర్తిగా గంటసేపు, చాయ్‌తో సహా.

ఆ గైడ్ కుర్రాడి మీద నాకు కోపం లేదు. కంపెనీ ఇచ్చేది ఆటో ఛార్జీలకి సరిపోతుందని, దుకాణం ఇచ్చే కమీషనే అసలు తన్ఖా అని నాతో చెప్పాడు. అతని మైకులోంచి వచ్చిన మాటల మీద కోపం. ఆ మాటలు అతనివి కావు, ఎవరో అతని నోట్లో పెట్టినవి.

మొదటిది భాగమతి ఇష్క్. ప్రేయసి కోసం నది దాటిన షహజాదా, ఆమె పేరు మీద భాగ్యనగరం, తర్వాత హైదర్ మహల్, దాన్నుంచి హైదరాబాద్. ఖిస్సా బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ తారీఖ్ రాసినవాళ్ళ మధ్య దీని మీద పెద్ద బహస్ ఉంది. ప్రొఫెసర్ హారూన్‌ఖాన్ షేర్వానీ ఇది కట్టుకథ అన్నారు. నరేంద్ర లూథర్ కాదు, నిజమే అని వాదించారు. రెండు వైపులా దలీళ్ళు ఉన్నాయి. తారామతికీ ప్రేమామతికీ మక్బరాల ఆవరణలో సమాధులున్నాయి, భాగమతి పేరుతో అక్కడ ఏదీ లేదు. ఈ మూడు ముక్కలు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కథ రుచి తగ్గదు, పెరుగుతుంది. చెప్పరు. చార్మినార్ నుంచి గోల్కొండకి సొరంగం గురించి మాత్రం అయిదు నిమిషాలు చెప్పారు. ఆ సొరంగంలోంచి నడిచొచ్చినవాణ్ణి ఇంతవరకు ఎవరూ చూడలేదు.

రెండోదే నన్ను కుదిపింది. మక్బరాల దగ్గర, మా బస్సులోనే వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్లాడు అడిగాడు: "వీళ్ళు ఎవరు?" గైడ్ జవాబు: "బయటి నుంచి వచ్చిన ముస్లిం రాజులు." అంతే, పదండి పదండి. వాడు నా వైపు చూశాడు, నా టోపీ వైపు కూడా చూశాడు. పావుగంటలో వాడికి దొరికిన తారీఖ్ అది. రేపు వాడి పక్క బెంచీలో ఒక సలీమ్ కూర్చుంటాడు. ఈ ముక్క వాడి బుర్రలోనే ఉంటుంది.

బయటి నుంచి వచ్చిన మాట అబద్ధమా? వంశం మొదలుపెట్టిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచే వచ్చాడు. మరి కొడుకు? మనవలు? సుల్తాన్ కులీ కొడుకు ఇబ్రహీం తఖ్త్ ఎక్కకముందు ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. తెలుగు వినడం, మెచ్చడం నేర్చుకుని వచ్చాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరుడు 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితం ఇచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యం అని డిగ్రీలో మాకు పాఠం చెప్పిన 'యయాతి చరిత్ర' ఎవరికి అంకితం? పటాన్‌చెరులో ఉన్న ఆయన సర్దార్ అమీన్‌ఖాన్‌కి. ఒక్క సంస్కృత పదం లేకుండా తెలుగు రాస్తానని పొన్నికంటి తెలగన పంతం పడితే, ఆ కావ్యాన్ని అందుకున్నది ఒక ఖాన్ సాబ్! ఫర్మానాలు ఫార్సీలోనూ తెలుగులోనూ జారీ చేసిన హుకూమత్ ఇది. ఇక మనవడు మొహమ్మద్ కులీ వానాకాలం మీద, బసంత్ మీద, ఈద్ మీద దక్ఖనీలో నజ్మ్‌లు రాసుకున్నాడు. ఉర్దూ మీడియంలో ఆయన్ని మాకు షాయర్‌గా నేర్పించారు, బాద్‌షా సంగతి తర్వాతే.

తెలుగు తండ్రిని తెలుగు క్లాసులో, ఉర్దూ కొడుకుని ఉర్దూ క్లాసులో చదివినవాణ్ణి నేను. ఇద్దరూ ఒకే ఆవరణలో గుంబద్‌ల కింద పడుకుని ఉన్నారు. టూర్ బస్సు దిగినవాళ్ళకి ఇద్దరూ దొరకడం లేదు.

నేను తేనె పూసి చెప్పమనడం లేదు. అదే ఇబ్రహీం 1565లో, తనకి పనాహ్ ఇచ్చిన రామరాయల మీదికే మిగతా సుల్తాన్లతో కలిసి యుద్ధానికి వెళ్ళాడు. అదీ చెప్పాలి. 1687లో ఈ గోల్కొండని ఎనిమిది నెలలు ముట్టడించి పడగొట్టిందెవరు? ఔరంగజేబు. ముస్లిం బాద్‌షా ముస్లిం సుల్తాన్‌ని పడగొట్టాడు, ఆ సుల్తాన్ దగ్గర పెత్తనం చేసినవాళ్ళు అక్కన్న మాదన్నలు. గైడ్ చెప్పే "వాళ్ళు – మనం" లెక్కలో ఇది ఏ గడిలో పడుతుంది? తానీషాకి మక్బరాల ఆవరణలో చోటు దొరకలేదు. దౌలతాబాద్ ఖైదులో పోయాడు, ఖుల్దాబాద్‌లో ఉన్నాడు. ఆయన్ని పట్టుకెళ్ళిన ఔరంగజేబు ఖబర్ కూడా ఆ ఊళ్ళోనే ఉంది. కోటలో రామదాసు బందీఖానా అందరికీ చూపిస్తారు. భద్రాచలానికి ముత్యాల తలంబ్రాలు పంపే రివాజ్ తానీషా నుంచే వచ్చిందని మన పెద్దలు చెప్పేది మాత్రం చెప్పరు. గంటసేపు ముత్యాలు బేరమాడినవాళ్ళకి ఆ ముత్యాల సంగతైనా చెప్పొద్దూ!

ఇంకో కిస్మ్ టూర్ ఉంది. ఖరీదైంది. షేర్వానీ తొడుక్కున్న మేజ్బాన్, గులాబ్‌జల్, చౌమహల్లాలో షాండ్లియర్ల లెక్క, పాత రోల్స్‌రాయిస్ ముందు ఫోటో, ఆఖర్న దావత్. మా బిరాదరీలోనే చాలామందికి ఇది మహా ముద్దు. "మన షాన్ చూపిస్తున్నారు" అని మురిసిపోతారు. ఎవరి షాన్ భాయ్? మీ దాదా, మా దాదా ఆ మహల్‌కి మెహమాన్లుగా ఎప్పుడు పోయారు? ఆ షాండ్లియర్ల కింద జాగీర్లున్నాయి, జాగీర్ల కింద వెట్టిచాకిరీ ఉంది. తెలంగాణ రైతు ఎందుకు తిరగబడ్డాడో ఒక్క ముక్క చెప్పకుండా ఆ మహల్ చూపించడం గద్దారీ. అట్లాగే 1948 సెప్టెంబర్ దగ్గరికొచ్చేసరికి ఈ టూర్ల గొంతు మూగపోతుంది. రజాకార్ల జుల్ములూ ఉండవు, పోలీస్ యాక్షన్ తర్వాత ఏం జరిగిందో అసలే ఉండదు. ఢిల్లీ పంపిన సుందర్‌లాల్ కమిటీయే 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ రిపోర్టు దశాబ్దాల తరబడి బయటికి రాలేదు. నవాబుల కార్ల దగ్గర కథ ఆపేస్తే ఇవేవీ అడిగేవాళ్ళుండరు. ఒక టూర్ మమ్మల్ని పరాయివాళ్ళని చేస్తుంది, రెండోది మమ్మల్ని నవాబుల్ని చేస్తుంది. పంక్చర్ల దుకాణం వాడు, గాజులకి అద్దాలు అతికించే ఖాలా, రెండిట్లోనూ లేరు.

మరి ఏ టూర్? అడిగారు కాబట్టి చెప్తాను.

బస్సు వద్దు. పాతబస్తీ కాళ్ళతో చూసే బస్తీ. పొద్దున్నే, దుకాణాల షట్టర్లు ఎత్తకముందు మొదలయ్యే హెరిటేజ్ వాక్‌లు ఉన్నాయి. పదిహేను మందికి మించకుండా తీసుకెళ్ళేవాళ్ళని పట్టుకోండి. బుక్ చేసేముందు గైడ్ పేరు అడగండి, నంబర్ తీసుకుని నేరుగా మాట్లాడండి. "మీకు కత్బా చదవడం వచ్చా?" అనండి. కత్బా అంటే రాతి మీద చెక్కిన రాత. మొహమ్మద్ కులీ సమాధి రాయి మీద ఆయన పేరూ, పోయిన హిజ్రీ సంవత్సరమూ చెక్కి ఉన్నాయి. మా గైడ్ దాని మీద చెయ్యి పెట్టి "ఏదో ఉర్దూలో దేవుడి మంత్రాలు" అన్నాడు. ఉర్దూ కాదు, మంత్రాలూ కావు. ఈ షహర్‌లో ఆ హర్ఫులు చదవగలిగిన డిగ్రీ పిల్లలు, ఉద్యోగాల్లేక డెలివరీ బండ్లు తోలుతున్నవాళ్ళు, నాకే చాలామంది తెలుసు. ఇంగ్లిష్ వస్తే చాలనుకునే కంపెనీలకి వాళ్ళు కనపడరు. పది మంది టూరిస్టులు ఇదే సవాల్ అడిగితే కనపడతారు.

ఇంకొకటి అడగండి: బాద్‌షాహీ ఆషూర్‌ఖానా మీ లిస్టులో ఉందా? చార్మినార్ కట్టించిన చేతులే కొన్నేళ్ళకి దాన్నీ కట్టించాయి. గోడల మీద ఆ పలకల రంగులు చూస్తే కళ్ళు తిప్పుకోలేరు. చార్మినార్ నుంచి నడిచి వెళ్ళే దూరమే. మన పల్లెల్లో హిందువులూ ముస్లింలూ కలిసి ఎత్తే పీర్ల పండుగ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే అక్కడ కాసేపు నిలబడాలి. టూర్ బస్సులు ఎందుకు పోవంటే, ఆపుకోవడానికి జాగా లేదు. పార్కింగ్‌ని బట్టి తారీఖ్ తయారవుతోందన్నమాట!

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఒక చింతచెట్టుంది. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారు. మా ఉర్దూ పాఠాల్లో ఉన్న షాయర్ అమ్జద్ హైదరాబాదీ ఆ తుఫాన్‌లోనే తల్లినీ, భార్యనీ, బిడ్డనీ పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. ఆ చెట్టుకి టికెట్ లేదు కాబట్టి అది పాయింట్ కాదు.

మక్కా మసీదు సహన్‌లో ఆసఫ్‌జాహీల ఖబర్లు వరసగా ఉంటాయి, చూపిస్తారు. 2007 మే 18న, జుమా రోజు, అదే సహన్ దగ్గర బాంబు పేలింది. బయట పోలీసు కాల్పులు జరిగాయి. విచారణ ఎదుర్కొన్న అయిదుగురూ 2018లో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఎవరు పెట్టారనేది ఇప్పటికీ ఖాళీగానే ఉంది. దీన్ని చెప్తే టూరిస్టులు భయపడతారని ఒక టూర్ యజమాని నాతో అన్నాడు. 1687 చావులు చెప్తే భయపడనివాళ్ళు 2007కి ఎందుకు భయపడతారు? అదే రాతి నేల మీద ఇప్పటికీ అయిదు పూటలా నమాజ్ జరుగుతోంది.

రెండు రోజులు పెట్టుకోండి, ఒక్క రోజుతో కాదు. ఒక రోజు చార్మినార్, ఆషూర్‌ఖానా, మక్కా మసీదు, చౌమహల్లా. ఇంకో రోజు పొద్దున గోల్కొండ పైదాకా ఎక్కి, ఎండ వాలాక మక్బరాలు. అక్కడ ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి ఏళ్ళ తరబడి మరమ్మతు చేసిన గుంబద్‌లు, బావడీలు తీరిగ్గా చూడొచ్చు. సాలార్‌జంగ్‌లో గడియారం గంట కొట్టే క్షణం కోసం అందరూ ఒకేచోట గుమిగూడతారు, ఆ టైములో పక్క గదులు ఖాళీగా ఉంటాయి, అటు పోండి. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి. ఆ రోజు సాలార్‌జంగ్‌కి సెలవు, చౌమహల్లాకి సెలవు, మక్కా మసీదులో జుమా రష్. శుక్రవారానికి కూడా "అన్ని పాయింట్లూ గ్యారంటీ" అని బుకింగ్ తీసుకునే కంపెనీ ఉంటే, ఆ షెడ్యూల్‌లో ముత్యాల దుకాణం టైము ఎంతో ఒకసారి చూడండి.