మూడు గదుల బడి మీద మన సంఘం తీర్పు

పోస్టు కొంచెం పొడుగే. తిట్టేవాళ్ళు తిట్టండి, కానీ పూర్తిగా చదివి తిట్టండి.

పోయిన ఆదివారం మీటింగులో మన పేట చివరున్న చిన్న క్రైస్తవ ప్రైమరీ బడి గురించి అరగంట నడిచింది. "ఒకే గదిలో రెండు తరగతులంట. నాలుగో తరగతి పిల్ల ఒకటో తరగతి పిల్లోడికి అక్షరాలు దిద్దిస్తా ఉంటే టీచరమ్మ ఇంకో మూల కూర్చుందంట. ఇదేం బడి?" అన్నాడు ఒక అన్న. చప్పట్లు కూడా పడినాయి. చివరికి యాజమాన్యానికి ఉత్తరం రాయాలన్నారు. జూన్ నుంచి అయిదు తరగతులకు అయిదుగురు టీచర్లను పెట్టాలి, ఒకటో తరగతి నుంచే అన్నీ ఇంగ్లీషులో చెప్పాలి, లేదంటే మన పిల్లలను మాన్పించి టౌన్లో పెద్ద బడికి పంపమని సంఘమే చెబుతుంది. ఆ ఉత్తరం మీద నేను సంతకం పెట్టను. ఎందుకో చెప్తా.

మాట్లాడినవాళ్ళలో ఆ బడి లోపలికి వెళ్ళినవాళ్ళు ఎంతమంది? నేను ఒకరోజు పొద్దున ప్రార్థన నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా కూర్చున్నా. యాభై మందికి పైగా పిల్లలు, ముగ్గురు టీచర్లు, మూడు గదులు. మొదటి గంటన్నర భాష. అప్పుడు తరగతులు లేవు, ఎవరికి ఎంత చదవడం వచ్చో దాన్ని బట్టి గుంపులు. అక్షరాలు రానివాళ్ళు ఒక గుంపు, పదాలు కూడబలుక్కునేవాళ్ళు ఇంకొకటి, పేజీ చదివేవాళ్ళు మరొకటి. మూడో తరగతిలో ఉండి అక్షరాలు రాని పిల్లోడు సిగ్గుపడకుండా మొదటి గుంపులో కూర్చున్నాడు, పక్కన ఇంకో ముగ్గురు అట్లాంటివాళ్ళే ఉన్నారు కాబట్టి. లెక్కలు మాత్రం తరగతి వారీగా చెప్పారు. మధ్యాహ్నం అందరికీ ఒకే పాఠం, ఆరోజు హగరి నది. చిన్నోళ్ళు బొమ్మ గీశారు, పెద్దోళ్ళు వాళ్ళ ఊరి నుంచి హగరి ఎటుందో, కాలవ ఎటుందో పటం వేశారు.

టీచరమ్మ మూల కూర్చుంది అన్నారే, నిజమే. అక్షరాలు రాని నలుగురితో కూర్చుంది. అందరికంటే ఆమె అవసరం ఉన్నది వాళ్ళకే.

ఇది ఎవరో దొర తెచ్చిన పద్ధతి అనుకోవద్దు. 1822లో మద్రాసు గవర్నర్ మన్రో జిల్లాల్లో బడుల లెక్క అడిగితే, 1823 ఆగస్టులో మన బళ్ళారి కలెక్టర్ కాంప్‌బెల్ జవాబు రాశాడు. తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెలే ఈయన. అప్పటి జిల్లాలో, అంటే అనంతపురం సీమ కూడా కలిసిన జిల్లాలో, 533 బడులున్నాయని లెక్క కట్టాడు. 235 కన్నడం, 226 తెలుగు, ఇంగ్లీషుది ఒక్కటి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, ముందున్నవాళ్ళు వెనకున్నవాళ్ళకు నేర్పుతూ తమ చదువు గట్టి చేసుకోవడం, ఇవన్నీ చూసి మెచ్చుకున్నాడు, ఇంగ్లండు వాళ్ళు దీన్ని అనుకరించింది న్యాయమే అన్నాడు. మద్రాసు ఎగ్మూరులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ అరుగు బడి చూసి ఈ పద్ధతి పట్టుకుని, 1797లో లండన్లో దాని మీద పుస్తకం వేశాడు. అంటే మన అరుగు మీది చదువు లండన్ చూసొచ్చింది. మనకు మాత్రం నామోషీ!

కాంప్‌బెల్ తప్పులు కూడా రాశాడు. అర్థం తెలియకుండా పద్యాలు బట్టీ పట్టిస్తున్నారన్నాడు. ఆ మాట ఇప్పుడు ఏ బడులకు తగులుతుందో మీరే చెప్పండి. మావాడు టౌన్లో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో మూడేళ్ళు చదివాడు, పేరు చెప్పను. టై, బెల్టు, డైరీ అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషు పుస్తకం గడగడా చదివేవాడు. ఒకరోజు బస్టాండులో బోర్డు చదవమంటే కన్నడం రాలేదు, గుంతకల్లు బస్సు మీది తెలుగు రాలేదు, ఇంగ్లీషు బోర్డు కూడా రాలేదు. పుస్తకం కంఠతా వచ్చింది, అంతే. కట్టిన ఫీజు గుర్తొచ్చి ఆరోజు అన్నం సయించలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో అరవై మంది దాకా ఇద్దరు టీచర్లు చాలు, అరవై ఒకటి నుంచి తొంభై దాకా ముగ్గురు. తరగతికో టీచరు అని చట్టమే అనలేదు. కర్ణాటక సర్కారు బడుల్లో నలి-కలి అని ఒకటి, రెండు, మూడు తరగతులు కలిపి కార్డులతో చెప్పేది కూడా ఇదే దారి. 1995లో హెగ్గడదేవనకోటెలో మొదలైంది, దానికి ఆదర్శం మన మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ వాళ్ళ పల్లె బడులు. సర్కారు చేస్తే పథకం, చిన్న బడి చేస్తే పేదరికమా?

భాష మాటకొస్తే, ఆ బడి పుస్తకాలు కన్నడం, వివరణ తెలుగు. మూడో తరగతి నుంచి తెలుగు అక్షరాలు కూడా నేర్పుతారు. గ, ద, న, ర అప్పటికే చేతికి వచ్చి ఉంటాయి, క, త, శ దగ్గర కాస్త తికమక, రెండు నెలల్లో సర్దుకుంటుంది. 1953లో గీత గీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, మనం ఇటు మిగిలాం. అప్పటి నుంచీ పిల్లలకు తెలుగు రావడం లేదని ప్రతి ఉగాదికీ మైకులో ఏడుస్తున్నాం. రాజ్యాంగంలో 350ఎ ఉందని అర్జీలు రాస్తున్నాం. నేర్పే బడి ఒకటి కళ్ళెదురుగా ఉంటే దాన్ని ఇంగ్లీషు చెయ్యమని ఉత్తరమా?

ఆ బడి గొప్పదని సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. అయిదో తరగతి లెక్కలు బలహీనం, భిన్నాల దగ్గర పిల్లలు నీళ్ళు నమిలారు. చురుకైన ఇద్దరు ఆడపిల్లలు తమ పని మానుకుని రోజంతా చిన్నోళ్ళకు చెబుతూనే ఉన్నారు. అది నేర్పడం కాదు, చాకిరీ. పూటకు అరగంట మించకూడదని టీచరమ్మతో అన్నా, ఒప్పుకుంది. తెలుగు కార్డులు చేతిరాతవి, చిరిగిపోయినవి. ప్రార్థన గురించి గుసగుసలు నాకూ వినిపించాయి. పది నిమిషాలు చేస్తారు. ఇష్టం లేనివాళ్ళు పిల్లను కూర్చోబెట్టొద్దని చెప్పొచ్చు, ఆర్టికల్ 28 ఆ హక్కు ఇచ్చింది. బడిలో అడిగితే "చెప్పండి, వరండాలో బొమ్మలేసుకుంటారు" అన్నారు. ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదంట.

ఆ పిల్లల అమ్మానాన్నలు చాలామంది జీన్స్ కుట్టేవాళ్ళు. ముక్కకింత అని కూలి. టౌన్ బడి ఫీజు వాళ్ళ వల్ల కాదు. మన మాట విని ఇరవై మంది మానేస్తే మూడో టీచరు జీతం పోతుంది, మరుసటేడు బడే పోతుంది. అప్పుడు ఆ పిల్లలకు సంఘం ఆటో పెడుతుందా?

నేను అడిగేది ఇంతే. ఉత్తరం ఆపండి. ఉగాదికి స్టేజీ డెకరేషన్‌కు పెట్టే డబ్బులో కొంత తీసి తెలుగు కార్డులు అచ్చు వేయించి లామినేషన్ చేయించి ఇద్దాం. లెక్కలు వచ్చిన రిటైర్డ్ అయ్యవార్లు మన సంఘంలోనే నలుగురున్నారు, వారానికి రెండు రోజులు అయిదో తరగతికి భిన్నాలు చెప్పొచ్చు. శనివారం పొద్దున తొమ్మిదికి నేను బడి గేటు దగ్గరుంటా. చప్పట్లు కొట్టినవాళ్ళు ముందు రండి.