ఆ బరువు నీ ఒక్కరిది కాదు



మన సంఘములలో చాలా కుటుంబాలు బయటికి చెప్పుకోని ఒక కష్టమును గూర్చి ఈ నెల మాట్లాడుకొందాము. తల్లికి జ్వరమొస్తే ఇరుగుపొరుగు వచ్చి గంజి కాచి ఇస్తారు. అదే తల్లికి మనసు జబ్బు చేస్తే మనమే తలుపులు మూసుకొంటాము. ఆ తలుపుల వెనుక పదిహేనేండ్ల బిడ్డ వంట చేసి, తమ్ముణ్ణి బడికి పంపి, రాత్రంతా అమ్మను కనిపెట్టుకొని ఉండి, తెల్లవారి పరీక్షకు వెళ్తుంది. ఎవరైనా అడిగితే "అమ్మకు ఒంట్లో బాగోలేదు" అని ఊరుకొంటుంది.

ఆ బిడ్డకు మొదటి మాట: ఈ జబ్బు నీవలన రాలేదు. నీవు ఎదురు మాట్లాడినందుకు రాలేదు, ఎవరో చేతబడి చేసినందుకూ రాలేదు. స్కిజోఫ్రీనియా, తీవ్రమైన డిప్రెషన్ వంటివి జబ్బులే. వాటికి వైద్యమున్నది. ప్రార్థించండి, కాని ప్రార్థన పేరుతో మాత్రలు మానిపించకండి. ఏలీయా చావు కోరుకొని చెట్టు క్రింద పడుకొన్నప్పుడు దూత అతన్ని గద్దించలేదు; రొట్టె, నీళ్లు ఇచ్చి మరల నిద్రపోనిచ్చాడు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కొరకు తీసికొనివచ్చి గొలుసులతో కట్టియుంచిన రోగుల పాకకు నిప్పంటుకొని 28 మంది మరణించారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. కాబట్టి అటువంటి చోటికి కాక, జిల్లా ప్రభుత్వ ఆస్పత్రికి తీసికొని వెళ్లండి. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నవి.

మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నెమ్మదించిందని ఆపితే చాలామందికి జబ్బు తిరగబెడుతుంది. మత్తుగా ఉన్నా, చేతులు వణకినా డాక్టరుగారికి చెప్పు. నీ అంతట నీవు ఆపవద్దు. అమ్మ మాత్రలు మింగనంటే, కొన్ని జబ్బులకు కొన్ని వారాలకొకసారి వేసే ఇంజక్షన్లున్నవి, వాటిని గూర్చి అడుగు.

"ఎవరో నన్ను తిడుతున్నారు" అని అమ్మ అంటే వాదించవద్దు, నాకూ వినబడుతుందని అనవద్దు. "నాకు వినబడటం లేదమ్మా, కాని నీకు భయంగా ఉందని తెలుసు. నేనిక్కడే ఉన్నాను" అని చెప్పు. కొట్టడానికి వస్తే మాత్రం తమ్ముణ్ణి తీసికొని పొరుగింటికి వెళ్లు.

చచ్చిపోతానంటే తేలికగా తీసికొనవద్దు. పురుగుల మందు ఇంట్లో ఉంచవద్దు. అమ్మను ఒంటరిగా విడువక, ఆ గడియలోనే పెద్దవారిని పిలువు. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు రాత్రి పగలు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. నీ బాధ కూడ అక్కడ చెప్పుకోవచ్చు.

అమ్మ మీద కోపం వచ్చినా, నలుగురిలో సిగ్గు వేసినా నీవు చెడ్డ బిడ్డవు కావు. అలసిపోయావు, అంతే. చదువు మానవద్దు. మేనమామకో, పిన్నికో, టీచరుగారికో ఉన్నదున్నట్లు చెప్పు.

సంఘ పెద్దలారా, స్త్రీల సమాజపు సహోదరీలారా, ఆ ఇంటివారిని అడగకుండా ప్రార్థన మనవులలో వారి పేరు చదవకండి. దానికి బదులు వారానికి ఒక పూట ఒకరు వెళ్లి ఆ తల్లి దగ్గర కూర్చోండి, బిడ్డ చదువుకొంటుంది. ఆస్పత్రికి వెళ్లేనాడు ఒకరు బస్సులో తోడు వెళ్లండి. "అమ్మ ఎలా ఉంది?" అని అందరూ అడుగుతారు. ఈ ఆదివారం ఆరాధన అయిన తరువాత ఆ బిడ్డను ప్రక్కకు పిలిచి, "నీవెలా ఉన్నావమ్మా?" అని అడగండి.