కుక్కర్ మూత మీద కాపలాదారు

"అత్తయ్యా, పప్పు పెట్టి అరగంటయింది. ఒక్క విజిలూ రాలేదేంటి?" అంటూ కోడలు వంటింట్లోకి అడుగుపెట్టబోయిందో లేదో బుస్సుమని పెద్ద శబ్దం. ఆవిరితోపాటు చిమ్మిన పప్పు కప్పుకి అంటుకుంది. కుక్కర్ పేలిందని ఇద్దరూ హడలిపోయారు. నిజానికి అది పేలకుండా తప్పించుకుంది. విజిల్ పెట్టే గొట్టంలో కందిపప్పు పొట్టు అడ్డుపడి ఆవిరికి దారి మూసుకుపోతే, పక్కనే ఉన్న సేఫ్టీ వాల్వ్ నడుమ లోహపు బొట్టు కరిగి దారి ఇచ్చింది.

గిన్నె కరగలేదు, మూత కరగలేదు. ఆ బొట్టొక్కటే ఎందుకు కరిగినట్టు?

ఒప్పులకుప్ప ఆడే ఆడపిల్లల్ని చూడండి. చేతులు గట్టిగా పట్టుకున్నంతసేపూ ఎంత వేగంగా తిరిగినా పడరు. పట్టు సడలిందా, చెరో మూలా పడతారు. ఘనపదార్థంలో పరమాణువులదీ దాదాపు ఇదే కథ. పక్కపక్కనున్నవి ఒకదాన్నొకటి లాక్కుంటూ, తమ తమ చోట్ల ఊగుతుంటాయి. వేడి పెరిగేకొద్దీ ఆ ఊపు పెరుగుతుంది. ఊపు ఒక హద్దు దాటితే వరస చెదిరి ఘనం ద్రవమవుతుందని 1910లో ఫ్రెడరిక్ లిండెమాన్ ప్రతిపాదించారు (రెండో ప్రపంచ యుద్ధంలో చర్చిల్‌కి సైన్స్ సలహాదారు ఈయనే). రెండు పరమాణువుల మధ్య దూరంలో సుమారు పదో వంతు దగ్గర ఆ హద్దు ఉంటుందని తర్వాతివాళ్లు లెక్కతేల్చారు. ద్రవమైనా పట్టు పూర్తిగా పోదు. ఒకరి చెయ్యి వదిలి ఇంకొకరిది అందుకుంటూ జారుతుంటాయంతే.

ఆ పట్టు అన్ని లోహాల్లో ఒక్కలా ఉండదు. పాత బల్బుల్లో వెలిగే టంగ్‌స్టన్ తీగలో పరమాణువులు బోలెడన్ని ఎలక్ట్రాన్లను ఉమ్మడిగా పంచుకుంటాయి. అందుకే అది కరగాలంటే 3422 డిగ్రీల సెల్సియస్ కావాలి. పాదరసం పిసినారి. ఎలక్ట్రాన్లను తన దగ్గరే దాచుకుంటుంది, ఇరుగుపొరుగుతో పొత్తు అంతంతమాత్రం. మైనస్ 39 డిగ్రీలకే కరిగిపోతుంది. గాలియం అనే లోహం 30 డిగ్రీలకే కరుగుతుంది. రెంటచింతల ఎండలో దాన్ని గట్టిగా నిలబెట్టడం ఎవరివల్లా కాదు!

కుక్కర్ అల్యూమినియానిది 660 డిగ్రీలు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే తగరానిది 232. బిస్మత్ అనే లోహానిది 271. అసలు చమత్కారం ఇక్కడుంది. తగరాన్ని, బిస్మత్‌ని తగిన పాళ్లలో కలిపితే ఆ మిశ్రమం 139 డిగ్రీలకే కరుగుతుంది. ఘనంగా ఉన్నప్పుడు ఈ రెండిటి అమరికలూ వేరు. ఒకదాని వరసలో రెండోది సరిగా ఇమడదు. ద్రవంలో అయితే ఏ పేచీ లేకుండా కలిసిపోతాయి. అందుకే తక్కువ వేడికే ద్రవంవైపు మొగ్గుతాయి. సేఫ్టీ వాల్వుల్లో వాడేది ఇలాంటి మిశ్రమాలనే. పాళ్లను బట్టి ఏ వేడికి కరగాలన్నది ముందే నిర్ణయించుకోవచ్చు.

ఈ ఆలోచన కుక్కర్‌ కంటే చాలా పాతది. 1803లో లండన్ దగ్గర గ్రీనిచ్‌లో రిచర్డ్ ట్రెవిథిక్ తయారుచేసిన ఆవిరియంత్రం బాయిలర్ పేలి మనుషులు చనిపోయారు. ఆ దెబ్బతో ఆయన బాయిలర్లకు సీసం బిరడా పెట్టడం మొదలుపెట్టారు. లోపల నీళ్లు తగ్గి వేడి ముదిరితే ముందు అదే కరుగుతుంది.

మామూలుగా వంట జరిగేటప్పుడు కుక్కర్ లోపల సుమారు 120 డిగ్రీలు ఉంటుంది. ఆవిరి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి రెండింతలు. 139 డిగ్రీలకు చేరితే మూడున్నర రెట్లు. అదే 183 డిగ్రీలైతే పది రెట్లు దాటిపోతుంది. ఈ 183 అంకె ఊరికే చెప్పడం లేదు. రేడియోలకు టంకం పెట్టే సీసం, తగరం మిశ్రమం కరిగేది అక్కడే.

మర్నాడు వీధిలో "స్టవ్వులు, కుక్కర్లు బాగు చేస్తాం" అని కేక వినబడగానే అత్తగారు మూత పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"వాల్వ్ మార్చాలమ్మా. కొత్తది కొనాలి."

"ఈ చిన్న కన్నానికి కొత్తదెందుకు బాబూ? కాస్త టంకం పోసెయ్యరాదూ!"

అతను మొహమాటపడ్డాడు. పోస్తే ఆవిరి ఆగుతుంది, పప్పూ ఉడుకుతుంది. విజిల్ గొట్టం మళ్లీ మూసుకుపోయిన రోజు మాత్రం ఆ బొట్టు 139 దగ్గర కదలదు. 183 దాకా గట్టిగా కూర్చునే ఉంటుంది. ఈలోగా మూతో, గాస్కెట్టో ముందు లొంగిపోతే ఎదురుగా నిలబడ్డవాళ్ల గతేంటి? పైగా టంకంలో సీసం ఉంటుంది, అది తిండిలో కలవకూడనిది. కొందరు కన్నంలో ఏకంగా బోల్టు బిగించేస్తారు. అది ఇంకా ఘోరం, అసలు కరగదు.

"కుదరదమ్మా. కంపెనీ వాల్వే వెయ్యాలి. ఈ కుక్కర్ ఏ కంపెనీది?" అన్నాడతను, సంచి విప్పుతూ.

అత్తగారు గొణుగుతూనే డబ్బులు తేవడానికి లోపలికి వెళ్లింది. కోడలు పాత వాల్వుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. నడుమ కన్నంలోంచి ఆకాశం కనబడుతోంది.