చిన్న కెమెరా, పెద్ద కెమెరా

నా బీరువాలో 2009 నాటి కానన్ పవర్‌షాట్ ఏ480 ఉంది. రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే ఇప్పటికీ పనిచేస్తుంది. 10 మెగాపిక్సెల్. పోయినేడు మా ఆడపడుచు బిడ్డ పెళ్లికి జగిత్యాల నుంచి వచ్చిన అబ్బాయి చేతిలో సోనీ ఏ7 త్రీ, 24 మెగాపిక్సెల్. రెండున్నర రెట్లే కదా అనుకున్నాను. అసలు తేడా లోపల వెలుతురు పట్టే సెన్సర్‌లో ఉందట, అది దాదాపు 30 రెట్లు పెద్దది. అందుకే అప్పగింతలప్పుడు సగం లైట్లు ఆరిపోయినా పిల్ల కళ్లలో నీళ్లు కూడా స్పష్టంగా వచ్చాయి. నా దాంట్లో అయితే ఇసుక చల్లినట్టు మచ్చలే. ఒప్పుకోవాల్సిందే.

కానీ ఇంట్లోవాళ్ల ఫొటోలకు చిన్నదే మేలంటాను. ఆ పెద్ద కెమెరా చూడగానే మా అత్తమ్మ కొంగు సర్దుకుని మూతి బిగించింది. ఆల్బమ్ నిండా అదే మొహం, ఆధార్ కార్డు ఫొటోలాగా. అదే అత్తమ్మ, పన్నెండేళ్ల కింద మా బీర్పూర్ ఇంట్లో సద్దుల బతుకమ్మకు తంగేడు పూలు పేరుస్తూ, నా వంట మీద ఏదో అని పడీపడీ నవ్వింది. అరచేతిలో పట్టే డబ్బా కదా, తీసిన సంగతే ఆమెకు తెలియదు. ఫొటో కాస్త అదిరింది. ముందరి పళ్లు రెండు లేవు.

ఈ సంక్రాంతి వెళ్లాక అత్తమ్మ పోయింది. పటం కోసం మా ఆయన పెళ్లి ఆల్బమ్ తీశాడు. "పళ్లు లేని ఫొటో గోడకేందమ్మా" అన్నారు బావగారు. నేను ఒప్పుకోలేదు. పెద్దది చేస్తే మసకగా వస్తుందన్నాడు పటం కట్టే అతను. చిన్నగానే కట్టమన్నాను.